చీకటికి ఇల్లెక్కడ?

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అధ్యక్షులవారికి, గ్రంథాలయ సిబ్బందికి, కింద చాపల మీద సర్దుకుని కూర్చున్న పిల్లలకి, వాళ్ళని వెంటపెట్టుకొచ్చిన అమ్మానాన్నలకి నమస్కారం.

అధ్యక్షులవారు ఇందాక నన్ను పరిచయం చేస్తూ 'పసి హృదయాల్లో చీకట్లను పారదోలి వెలుగులు నింపిన బాలకవి' అన్నారు. పెద్ద మనసుతో అన్న మాట. కానీ సార్, నేనీ పూట చీకటి తరఫున మాట్లాడదామనే బయల్దేరి వచ్చాను. (నవ్వులు) దాన్ని పారదోలడం నా వల్ల కాలేదు. ఒకసారి ప్రయత్నించాను కూడా. పరువు తక్కువైనా ఆ కథ కాసేపట్లో చెబుతాను.

నాకిచ్చిన అంశం 'బాల గేయాలు'. గంటలో అయ్యేది కాదు. అందుకని అందులోంచి రాత్రిపూట ముక్క ఒక్కటే తుంచుకున్నాను. పొద్దుగూకిన దగ్గర్నుంచి కోడి కూసేదాకా మన పిల్లలకి మనం ఏం పాడాం, పిల్లలు వాళ్ళలో వాళ్ళు ఏం పాడుకున్నారు. అంతే.

పిల్లలూ, 'చందమామ రావే' ఎవరికొచ్చు? అందరికీనా? అయితే ఒక్క లైను అనండి చూద్దాం.

(పిల్లలు: చందమామ రావే, జాబిల్లి రావే...)

చాలు, చాలు. ఇప్పుడు వేళ్ళు తీయండి. పొట్టి అక్షరం పలికే సేపు ఒక మాత్ర, దీర్ఘానికీ సున్నకీ ఒత్తు ముందున్న అక్షరానికీ రెండు. చం-ద-మా: రెండు, ఒకటి, రెండు. ఎంత? అయిదు. మ-రా-వే: ఒకటి, రెండు, రెండు. మళ్ళీ అయిదు. జా-బి-ల్లి: అయిదు. చివరి 'రావే' నాలుగు, ఒక మాత్ర సాగదీస్తే అదీ అయిదే. 'కొండెక్కి' అయిదు. 'గోగుపూ' అయిదు, 'లు తేవే' అయిదు. అయిదు మాత్రల నడక, ఖండగతి అంటారు సంగీతం మాస్టార్లు. ఈ పాట కట్టిన అమ్మకి ఖండగతి అన్న మాట తెలిసి ఉండకపోవచ్చు. చేతికి మాత్రం తెలుసు.

ఇంకోటి చూడండి, అన్నమయ్య జోల. 'జో అచ్యుతానంద జోజో ముకుంద'. జో-అచ్చు, తానంద, జోజోము... అయిదు, అయిదు, అయిదు, చివర 'కుంద' మూడు. ఆ మిగిలిన రెండు మాత్రలూ ఏమైనట్టు? ఉయ్యాల తాడు పట్టుకుని ఊపి వదిలినప్పుడు అది అవతలి చివరికి వెళ్ళి ఒక్క క్షణం ఆగుతుంది చూడండి, అక్కడున్నాయవి. మరొకటి, మీ నాయనమ్మలు పాడిందే: 'ఏడవకు ఏడవకు వెర్రి నా తల్లి, ఏడిస్తె నీ కళ్ళు నీలాలు కారు'. లెక్కేయండి. ఏడవకు అయిదు, ఏడవకు అయిదు, వెర్రి నా అయిదు, తల్లి మూడు. అచ్చంగా అదే కొలత. తిరుమలలో కూర్చుని పాడినా, వంటింటి గుమ్మంలో కూర్చుని పాడినా తెలుగువాళ్ళ రాత్రి ఎక్కువగా అయిదు మాత్రల మీదే నడిచింది.

పగటి పాటలు అలా ఉండవు. 'చెమ్మచెక్క చారడేసి మొగ్గ'. చెమ్మ, చెక్క, చార, డేసి, మొగ్గ. మూడు మూడు మూడు. ఎగరడానికీ చప్పట్లు కొట్టడానికీ మూడు. అయిదుతో ఎగిరితే కాళ్ళు తట్టుకుని పడతారు, కావాలంటే ఇంటికెళ్ళి ఎగిరి చూడండి. (నవ్వులు) మూడులో తిరగడం ఉంది, నాలుగులో నడవడం ఉంది. అయిదు రెండుగానూ మూడుగానూ విరుగుతుంది. అటు కాస్త ఎక్కువ, ఇటు కాస్త తక్కువ. నిద్ర కూడా అలాగే కదా వస్తుంది, ఒరిగి ఒరిగి.

చందమామ దగ్గరే ఇంకొంచెం ఆగుతాను. అన్నమయ్య 1408 నుంచి 1503 దాకా జీవించాడని చెబుతారు. ఆయన కీర్తన 'చందమామ రావో జాబిల్లి రావో, మంచి కుందనపు పైడి కోర వెన్నపాలు తేవో' అంటుంది. కోర అంటే గిన్నె. వేంకటేశ్వరుడు చంటిపిల్లాడైతే గిన్నె బంగారంది కావాలి, న్యాయమే. మన అమ్మలు పాడేదాంట్లో బంగారం లేదు. గోగుపూలు, బంతిపూలు, తేనెపట్టు, పాలూ పెరుగూ. పెరట్లోనో చేనుగట్టునో దొరికేవే. ఏ పాట ముందు, ఏది వెనక అన్న తగువు నాకు అక్కర్లేదు. నాకు ముచ్చటగా ఉండేది ఒక్కటే. ఈ పాటలో చంద్రుణ్ణి వెలుగు తెమ్మని ఎవరూ అడగలేదు. చూసుకోండి. కొండెక్కు, బండెక్కు, పల్లకీ ఎక్కు, పూలు తే, పెరుగు తే. సంక్రాంతికి సంచీ పట్టుకుని దిగే మేనమామని ఏం అడుగుతామో అదే. చీకటి పోగొట్టడానికి పిలవలేదాయన్ని. చీకట్లో పిల్లకి అన్నం తినిపించడానికి సాయం పిలిచారు. పిల్ల పైకి చూసి నోరు తెరుస్తుంది, ముద్ద లోపలికి పోతుంది. అంతే పని.

మరి అమావాస్య నాడో? ఆ రోజూ పిల్ల తినాలి కదా. మా ఇంట్లో అమావాస్య నాటి పాట అంటూ ప్రత్యేకంగా ఏదీ లేదు. మా నాయనమ్మ అదే పాట పాడేది, ఆకాశంలో ఎవరూ లేకపోయినా. 'ఏడే మామ?' అని అడిగితే 'బయల్దేరాడు, దారిలో ఉన్నాడు' అనేది. కొండెక్కాలి, బండెక్కాలి, ఆలస్యం అవుతుంది మరి.

ఇక పిల్లలు వాళ్ళలో వాళ్ళు ఆడుకునే చీకటి సంగతి. దీన్ని గురించి పుస్తకాల్లో ఎక్కువ రాయలేదు గానీ నాకు చాలా ఇష్టం. 'దాగుడుమూతలు దండాకోరు, పిల్లీ వచ్చే ఎలుకా భద్రం, ఎక్కడి దొంగలు అక్కడె గప్‌చుప్'. ఒకరు కూర్చుంటారు, దొంగ కళ్ళు మూస్తారు, మిగతావాళ్ళు దాక్కుంటారు. పట్టపగలు, ఎర్రటి ఎండలో రెండు అరచేతులతో ఒక చీకటి తయారు చేస్తారు. ఆ చీకట్లో ఉన్నవాడు దొంగ. మిగతావాళ్ళు ఎలుకలు. కళ్ళు తెరవగానే దొంగే పిల్లి అయిపోతాడు, అప్పటిదాకా హాయిగా ఉన్నవాళ్ళు ధాన్యం గాదె వెనక, గడ్డివాము వెనక ఇంకో చీకటి వెతుక్కోవాలి. గమనించారా, ఇక్కడ చీకటి ఒకడికి శిక్ష, పదిమందికి రక్షణ. అయిదేళ్ళ పిల్లలకి ఎవరూ విడమర్చి చెప్పకుండానే ఇది అర్థమవుతుంది. నడక కూడా మారింది చూడండి: దాగుడు, మూతలు, పిల్లీ, వచ్చే, ఎలుకా, భద్రం. అన్నీ నాలుగేసి మాత్రలు. పిల్లి అడుగులు.

'వీరి వీరి గుమ్మడిపండు, వీరి పేరేమి' కూడా అంతే. కళ్ళు మూసి, ఎదుట నిలబడ్డదెవరో చెప్పమంటారు. గాజుల చప్పుడు, తలనూనె వాసన, నవ్వు ఆపుకుంటున్న ఊపిరి, వీటిని బట్టి పేరు చెప్పాలి. చీకట్లో మనుషుల్ని గుర్తుపట్టడం నేర్పే బడి అది. వెన్నెల కుప్పలు ఆడినవాళ్ళెవరైనా ఉన్నారా ఇక్కడ? వెనక వరుసలో రెండు చేతులు లేచాయి, రెండూ నెరిసిన తలలవే. (నవ్వులు) వెన్నెల రాత్రి మట్టిని చిన్న చిన్న కుప్పలు పోసి దాచడం, అవతలి జట్టు వెతకడం. దానికి వెన్నెల కావాలి, నీడ అంతకన్నా ఎక్కువ కావాలి. ఎల్ఈడీ వీధిదీపం కింద ఆ ఆట ఆడలేం. దాచడానికి చోటేదీ?

ఒక పొడుపుకథ వేస్తాను. అమ్మ చీర మడతపెట్టలేం, నాన్న డబ్బు లెక్కపెట్టలేం. ఏంటది?

(పిల్లలు: ఆకాశం! చుక్కలు!)

శభాష్. నేను చిన్నప్పుడు దీన్ని తెలివితేటల పరీక్ష అనుకున్నాను. నా మనవడు పుట్టాక గానీ ఇందులో ఉన్న చీర నాకు కనపడలేదు. చంటిపిల్లకి ఉయ్యాల దేంతో కట్టేవాళ్ళు? అమ్మ పాతచీరతో. దూలానికో, ఇంటి కొక్కేలకో వేలాడదీసేవాళ్ళు. పిల్లని అందులో వేస్తే రెండు అంచులూ దగ్గరకొచ్చి మూసుకుంటాయి. లోపల మసక. నేతలోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా పడుతుంది. అమ్మ వాసన. మనిషి ఈ లోకంలోకి వచ్చాక చూసే మొదటి రాత్రి అదేనండీ, అమ్మ చీర లోపల. పొడుపుకథ కట్టినవాడు రాత్రిని చీర అన్నాడంటే ఊరికే అనలేదు. ఇది నా ఊహే, ఏ పండితుడూ చెప్పలేదు. తప్పైతే సరిదిద్దండి.

నలుపుతో మన అమ్మలకి ఇంకో లావాదేవీ ఉంది. కాటుక. ఇప్పుడు డబ్బాల్లో కొంటున్నారు గానీ, మా ఇంట్లో ఆముదపు దీపం పైన రాత్రంతా పళ్ళెం బోర్లించి ఉంచేవాళ్ళు. తెల్లారేసరికి పళ్ళెం నిండా మెత్తటి మసి. దాన్ని గీకి, చుక్క ఆముదంతో రంగరించి భరిణెలో పెట్టేవాళ్ళు. దీపంలోంచి నలుపు తీసి పిల్ల కంటికి పెట్టారు, బుగ్గన దిష్టిచుక్క పెట్టారు. పిల్లని కాపాడేది ఆ నల్లచుక్కే అని వాళ్ళ నమ్మకం. దిష్టి మాట నేను నమ్మను, అది వేరే సంగతి. కానీ చీకటంటే చెడు, వెలుగంటే మంచి అని పిల్లల పాటల్లో గీతగీసి రాసే మనం ఆ భరిణె ఒకసారి తెరిచి చూడాలి. ఇందాకటి పాటలో 'నీలాలు కారు' అన్నారు, గుర్తుందా? కాటుక కలిసిన కన్నీళ్ళు కాబట్టే నీలాలన్నారేమో.

మరి భయం మాటేంటి, పిల్లలు చీకటంటే భయపడరా అంటారు. భయపడతారు. నేనూ భయపడేవాణ్ణి. మా ఇంట్లో బూచి వంటింటి అటక మీద, పచ్చడి జాడీల వెనక ఉండేవాడు. అన్నం తినకపోతే దిగుతాడని చెప్పేవాళ్ళు. ఆ పద్ధతి నాకు ఇప్పటికీ నచ్చదు. ఇందాకటి మామని సాయం పిలవడం వేరు, బూచాణ్ణి కాపలా పెట్టడం వేరు. రెండూ ముద్ద మింగించడానికే అయినా.

కానీ భయం కూడా పిల్లలకి కావాలి. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 'చందమామ' మొదలుపెట్టారు. పేరు చూడండి, రాత్రి పేరు. అందులో పిల్లలు అన్నిటికంటే ముందు ఏ పేజీ తిప్పేవాళ్ళు? మా ఇంట్లో అయితే బేతాళ కథ. శ్మశానం, అర్ధరాత్రి, భుజాన శవం. ఏడెనిమిదేళ్ళ పిల్లలకి ఇవ్వదగ్గ సరుకేనా అది? ఇప్పుడెవరైనా అలాంటి కథ రాసి పంపితే సంపాదకులు వెనక్కి తిప్పి పంపుతారు. మేం మాత్రం ఎగబడి చదివాం. ఎందుకో ఆలోచిస్తే ఒక్కటి తట్టింది. ప్రతి నెలా కథ అదే వాక్యంతో మొదలయ్యేది. పట్టు వదలని విక్రమార్కుడు మళ్ళీ చెట్టు దగ్గరికి వెళ్ళడం, శవాన్ని దించి భుజాన వేసుకోవడం, మౌనంగా నడవడం. ఆ వాక్యం మాకు కంఠతా వచ్చు. అది వచనమే అయినా జోలపాట పల్లవి చేసే పనే చేసింది. దారి చీకటిగా ఉన్నా అడుగు ఎక్కడ పడుతుందో తెలుసు. పిల్లలు 'మళ్ళీ చెప్పు, అదే చెప్పు' అని ప్రాణం తీస్తారే, అందుకే.

ఇంగ్లీషు బడుల పుణ్యమా అని మన పిల్లలందరికీ వచ్చిన రాత్రి పాట ఒకటుంది. 'ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్'. అది పాట కాదు, పద్యం. జేన్ టేలర్ అనే ఆవిడ రాసింది, 1806లో అచ్చయింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి వేసిన పుస్తకంలో. దానికి అయిదు చరణాలున్నాయి. మన పిల్లలకి నేర్పేది ఒక్కటే. మూడో చరణంలో చీకట్లో దారి నడిచే బాటసారి ఒకడు వస్తాడు, ఆ చిన్ని మినుకుకి దండం పెట్టుకుంటాడు, నువ్వు మిణుకుమనకపోతే నాకు దారెలా తెలిసేది అంటాడు. నా లెక్కలో పద్యానికి ప్రాణం అక్కడుంది. చీకటీ బాటసారీ ఉన్న చరణాలు వదిలేసి వజ్రం ఉన్న చరణం ఉంచుకున్నాం. (నవ్వులు) ఎల్‌కేజీ పిల్లలు చేతులు తిప్పుతూ వజ్రం చూపిస్తుంటే నాకు ఆ బాటసారి గుర్తొస్తాడు, పాపం ఎక్కడ ఆగిపోయాడో అని.

స్కాట్లాండ్ రచయిత స్టీవెన్‌సన్ పేరు పెద్దపిల్లలు వినే ఉంటారు. ఆయన 1885లో పిల్లల కోసం వేసిన పద్యాల పుస్తకంలో చీకటి మీద, నీడల మీద, సాయంత్రం వీధిదీపాలు వెలిగించే మనిషి మీద పద్యాలున్నాయి. చిన్నప్పుడు ఎప్పుడూ జబ్బుపడేవాడు. పుస్తకాన్ని అంకితమిచ్చింది తనని పెంచిన ఆయాకి, రాత్రుళ్ళు తనకోసం మేలుకున్నందుకు. ఒక్క అంకితంతో నా మనసు దోచుకున్నాడు. మనకీ అలా మేలుకున్నవాళ్ళున్నారు. అంకితాలు మాత్రం మంత్రులకిచ్చుకున్నాం.

సరే, నా పరువు తక్కువ కథ. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రాసిన మొదటి రాత్రి గేయం ఇది:

చీకటి చీకటి పోపోవే
వెలుతురు అమ్మా రారావే
అజ్ఞానాన్నీ తరిమేసి
విజ్ఞానాన్నీ ఇవ్వమ్మా

నవ్వకండి, ఇది ఒక పత్రికలో అచ్చయింది. (నవ్వులు) అచ్చయిన కాగితం పట్టుకుని మూడో తరగతిలో గర్వంగా పాడించాను. అందరూ పాడారు. ఒక పిల్ల మాత్రం లేచి నిలబడింది. 'మాస్టారూ, పొమ్మంటే ఎక్కడికి పోతుంది? దానికి ఇల్లుందా?' అంది. కూర్చోమన్నాను. ఇంకేం చెప్పను? ఆ రాత్రి కరెంటు పోయింది. డాబా మీద మడతమంచం వేసుకుని పడుకుంటే ఆ ప్రశ్న తలకింద రాయిలా ఒత్తుకుంది. ఊరంతా నిద్రపోవడానికి చీకటి కావాలి. మా నాన్న నీళ్ళు పెట్టడానికి చేనుకెళ్ళింది చీకట్లోనే. ఆకాశంలో పిల్లలకోడి, అదే, కృత్తికలు, గుత్తిగా కనపడ్డదీ చీకటి ఉండబట్టే. దాన్నా నేను పొమ్మన్నది? అదీ ముప్పై మంది పిల్లల చేత బల్లలు చరిపించి?

తర్వాత చాలా ఏళ్ళకి ఇంకోటి రాశాను. ఈసారి నాయనమ్మల కొలతలోనే, అయిదు మాత్రల్లో:

చీకటికి ఇల్లేది, చెప్పమ్మ నాకు?
మంచాల కిందుందొ, మడతల్లొ ఉందొ,
పెట్టెలో దాగుందొ, పెరటిలో ఉందొ,
దీపాన్ని ఆర్పితే దిండుపై చేరు.

గొప్పగా ఉందని నేననను. దీన్ని ఒక పిల్లల పత్రికకి పంపితే సంపాదకులవారు ఫోన్ చేసి 'బాగుంది మాస్టారూ, చివర నీతేదీ?' అని అడిగారు. లేదన్నాను. 'ఒక్క లైను చేర్చండి, చీకటికి భయపడరాదు అని' అన్నారు. చేర్చలేదు, వాళ్ళూ వేయలేదు. కానీ బళ్ళో పాడినప్పుడు ఒక పిల్లాడు నన్ను దాటేశాడు. 'మా ఇంట్లో చీకటి ఫ్రిజ్జులో ఉంటుంది మాస్టారూ. తలుపు తీస్తే పారిపోతుంది, మూయగానే వచ్చి కూర్చుంటుంది' అన్నాడు. నాకు నలభై ఏళ్ళలో తట్టలేదది.

రాసేవాళ్ళు ఇక్కడ నలుగురైదుగురు ఉన్నారు, వాళ్ళతో ఒక్క మాట. మీరంతా 'చీకటి' అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేస్తున్నారు. మసకచీకటి వేరు, కటికచీకటి వేరు, కారుచీకటి వేరు. మునిమాపు వేళకి ఒక రంగుంది. మా కోడలిది కరీంనగర్ వైపు. 'రేపు నసుకుల లేసి పోవాలె' అంటుంది. తెల్లవారకముందు ఉండే పల్చటి చీకటి అది. ఆ మాట మొదటిసారి విన్నరోజు నేను డైరీలో రాసుకున్నాను. నసుకుల్లో లేచిన పిల్ల ఏం చూస్తుంది? వాకిట్లో ముగ్గుపిండి తెల్లగా ముందు కనపడుతుంది, ముగ్గు వేసే అమ్మ తర్వాత కనపడుతుంది. ఒక గేయానికి సరిపడా సరుకుంది అందులో. 'కాళ్ళాగజ్జా కంకాళమ్మా, వేగుచుక్క' అని పిల్లలు కాళ్ళు చాపుకుని లెక్కపెట్టేటప్పుడు ఆ వేగుచుక్క నసుకుల్లో పొడిచేదే. చాలామంది పిల్లలు ఆ మాట అంటారు గానీ చుక్కని చూసి ఉండరు. కార్తీకమాసం నడుస్తోంది, ఈ వారంలో ఒక్కరోజు డాబా ఎక్కించండి వాళ్ళని. పిల్లలకోడిలో ఎన్ని పిల్లలున్నాయో లెక్కపెట్టమనండి. ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు, దెబ్బలాడుకుంటారు. ఆడుకోనివ్వండి.

టైము అయిందని కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. ఒక్క అయిదు నిమిషాలు. పిల్లలూ, నా పాట సగమే అయింది, మిగతా సగం మీరు చెప్పాలి. చీకటికి ఇల్లెక్కడ? లైట్లు ఆర్పుదాం ముందు. ఏయ్ బాబూ, స్విచ్‌బోర్డు పక్కన నువ్వే, లైట్లు ఆర్పు. ఫ్యాను కాదు నాయనా, లైట్లు. ఆఁ. ఎవరూ అరవొద్దు. ఒక్కొక్కరే చెప్పండి.

(ఒక బాబు: మా బావిలో.)

బాగుంది. పగలు కూడా అక్కడే ఉంటుంది కదా. ఇంకా?

(ఒక పాప: నా స్కూలు బ్యాగులో.)

బరువెక్కువైంది అందుకేనా? (నవ్వులు) నువ్వు చెప్పమ్మా, ఆ మూల.

(మరో పాప: మా తాతయ్య కంట్లో ఉండేదండీ. ఆపరేషన్ చేశాక వెళ్ళిపోయింది.)

వెళ్ళిపోయిందా! ఎక్కడికెళ్ళిందమ్మా?

(పాప: తెలీదు. డాక్టరుగారింట్లో ఉండుంటుంది.)

ఆగు తల్లీ, ఆగు. ఎవరి దగ్గరైనా పెన్నుందా? కాగితం కూడా. వద్దు వద్దు, లైటు వేయకండి, ఇలాగే రాసుకుంటాను.